చినగాల్సిన గౌను

మొన్న హిందూపురంలో ఒక బట్టల షాపులో నన్ను మతి తప్పినదాన్ని చూసినట్టు చూశారు. మా పాపకు ఇంట్లో తొడుక్కోవడానికి గౌన్లు కావాలని పోయాను. షాపాయన నా ముందు గౌన్లు కుప్పగా పోశాడు. అందులో ఒకటి నచ్చింది. మెత్తటి నూలు బట్ట, మోకాళ్ళ దాకా పొడవు, మెరుపులూ పూసలూ లేవు. దాన్ని భుజం దగ్గర రెండు చేతులతో పట్టుకుని గట్టిగా లాగాను. కుట్టు కదల్లేదు. సంతోషించి, ఈసారి నడుము వెనక ముడేసే పట్టీని పట్టుకుని లాగాను. అదీ ఊడలేదు. ఇంకా గట్టిగా లాగాను. ఊడలేదు. మోచేయి బల్లకు ఆనించి మళ్ళీ లాగుతుంటే షాపాయన నా చేతిలోంచి గౌను మెల్లగా తీసుకున్నాడు.

"ఏమ్మా, దుడ్లిచ్చి ఇంటికి తీస్కపోయి చింపుకో. ఈడ యాల చింపేది?" అన్నాడు.

పక్కన బట్టలు చూస్తున్న ఆడవాళ్ళు నవ్వారు. వేరేవాళ్ళు ఆ పని చేస్తుంటే నేనూ నవ్వేదాన్నే. పట్టీ ఊడటం లేదని భయంగా ఉందని ఆయనకు ఎట్లా చెప్పేది? ఊడని పట్టీ అంటే ఆయన దృష్టిలో మంచి సరుకు. ఏమీ కొనకుండా బయటికొచ్చి పెనుకొండ బస్సెక్కాను. సీట్లో కూర్చున్నాక నా చేతుల వైపు చూసుకున్నాను. అట్లా లాగింది నేను కాదు, మా మామ. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన భయం మాత్రం ఎక్కడికీ పోలేదు, నా దగ్గరే కాపురం పెట్టింది.

మామ అంటే మా ఆయన నాయన. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. నిలువెత్తు మనిషి, పెద్ద మీసం, వీధిలో ఎవరైనా కొట్లాడుకుంటే ఈయన వాకిట్లోకి వచ్చి ఒకసారి దగ్గితే చాలు, గొంతులు తగ్గేవి. ఒకసారి మగ్గం గుంతలో పాము కనిపించింది. కాళ్ళు పెట్టుకుని కూర్చునే ఆ గుంతలోంచి ఆయన తాపీగా లేచి, పామును కర్రతో ఎత్తి, వెనక కంపల్లో వదిలి వచ్చి మళ్ళీ అదే గుంతలో కాళ్ళు పెట్టుకుని నేత మొదలుపెట్టాడు. అట్లాంటి మనిషికి చిన్నపిల్ల గౌనుకు వేలాడే రిబ్బను చూస్తే నుదుటి మీద చెమట పట్టేది. నేను చెప్పేది అబద్ధం అనుకుంటారు, నేనూ మొదట్లో నాటకం అనుకున్నాను.

ఆ సంగతి నాకు తెలిసింది పాప మొదటి పుట్టినరోజు నాడు. మా అమ్మ హిందూపురం నుంచి గౌను తెచ్చింది. గులాబి రంగు నెట్టు గౌను, మూడంతస్తుల కుచ్చులు, వెనక నేల దాకా వేలాడే రిబ్బన్లు, మెడ చుట్టూ ముత్యాలు. మా అమ్మ దాన్ని బంధువులందరికీ చూపించి, మురిసిపోయి, మంచం మీద పెట్టి వంటింట్లోకి పోయింది. తిరిగొచ్చేసరికి మామ గడపలో వెలుగుకు కూర్చుని, కళ్ళద్దాలు పెట్టుకుని, పోగులు కోసే సగం బ్లేడుతో ఆ గౌను కుట్లు విప్పుతున్నాడు. ముత్యాలు అప్పటికే ఒక గిన్నెలో ఉన్నాయి.

మా అమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "కొత్తది గదన్నా, యాల చింపుతాండారు?" అంది.

"చింపలేదమ్మా. చినిగేటట్ల చేస్తాండా" అన్నాడాయన, తల ఎత్తకుండానే.

తర్వాత చాలాకాలం మా అమ్మ ఆ మాట చెప్పి చెప్పి నవ్వేది. ఆరోజు మాత్రం ఏడ్చింది. మామ రిబ్బన్లు పూర్తిగా తీసెయ్యలేదు. కుట్టు విప్పి, ఒంటి పోగు నూలుదారంతో, దూరం దూరంగా, పేరుకు మాత్రం అతికించాడు. చూసేవాళ్ళకు తేడా తెలియదు. గట్టిగా లాగితే చేతికొచ్చేస్తుంది. అప్పటి నుంచి అదే వరస. మా అమ్మ హిందూపురంలో కొంటుంది, మామ ధర్మవరంలో విప్పుతాడు, మధ్యలో పెనుకొండలో అద్దె ఇంట్లో మేము ఇద్దరికీ సర్ది చెప్పుకుంటాం.

లోకంలో ఎవరైనా పిల్లలకు గట్టి బట్టలు చూస్తారు. తిరిగే పిల్లలు, గోడలెక్కే పిల్లలు, తొందరగా చింపేస్తారు కాబట్టి నాలుగు కాలాలు ఉండే బట్ట కావాలంటారు. మామ లెక్క తిరగబడి ఉండేది. పిల్ల పరిగెత్తుతుంటే బట్ట వెనక ఎగురుతుంది. ఎగిరే బట్టను ఏదో ఒకటి పట్టుకుంటుంది. తలుపు గొళ్ళెం, బండి చక్రం, బస్సు తలుపు, ఇంట్లో తిరిగే మోటారు. అప్పుడు బట్ట తెగాలి. తెగకపోతే పిల్లను లాక్కుంటుంది. ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గిపోయేది, గట్టిగా అంటే ఆ మాట ఎవరికో వినబడి నిజమైపోతుందన్నట్టు.

కొత్త బట్ట ఏది వచ్చినా ముందు ఆయన పరీక్ష నెగ్గాలి. కళ్ళు మూసుకుని, లోపలి కుట్టును కంటిరెప్ప మీద రుద్దుకునేవాడు. రెప్పకు గుచ్చుకుంటే ఆ గౌను పాప ఒంటికి పనికిరాదు. తర్వాత పాపకు తొడిగి, ఏమీ చెప్పకుండా వదిలేసేవాడు. అది గొంతుక్కూర్చుంటుంది, మంచం ఎక్కుతుంది, పైనున్న డబ్బా కోసం చేతులు చాపుతుంది, గేటు దాకా ఉరుకుతుంది. ఈయన ముఖం చూడడు, చేతులు చూస్తాడు. పాప చెయ్యి మెడ దగ్గరికి పోతే మెడ బిగువు. నడుము దగ్గరికి పోతే ఎలాస్టిక్ బిగువు. "దానికి చెప్పేకి రాదు గదమ్మా, చెయ్యి చెప్తాది" అనేవాడు. ఆ మాట నిజం. చిన్నపిల్లల బడిలో పాఠం చెప్పే నేను ఇప్పటికీ పిల్లల చేతులే చూస్తాను.

రంగు విషయంలోనూ ఒకటే పట్టు. మట్టి రంగు, ఆకు రంగు కొననిచ్చేవాడు కాదు. జనంలో తప్పిపోతే కనపడదట. అందుకే ఒకసారి బంతిపువ్వు రంగు నూలు గుడ్డ తెచ్చి, అత్త కుట్టుమిషను మీద తనే గౌను కుట్టాడు. చేతులు వదులుగా, మెడ పెద్దగా, నడుము వెనక చిన్న పట్టీతో. కుచ్చుల గౌన్ల వైపు చూడని పాప దీన్ని మాత్రం ఒంటి మీంచి తియ్యనిచ్చేది కాదు. ఉతికి ఆరేస్తే తీగ కిందే కూర్చుని ఆరేదాకా కాపలా కాసేది. మురికైపోయిందని విప్పబోతే ఇల్లంతా లేచిపోయేలా ఏడ్చేది. ఆ గౌను సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక పట్టు మాట ఎత్తకూడదు. బతుకంతా పట్టు నేసిన మనిషి, మనవరాలికి పట్టులంగా కుట్టించనివ్వలేదు. చుట్టాల పెళ్ళికి ఒకసారి నేను పంతం పట్టి తొడిగాను. పెళ్ళి జరిగినంతసేపూ ఆయన వంగి, దాని లంగా అంచు రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, వెనకే తిరిగాడు. భోజనానికి కూర్చోలేదు. వీడియో తీసేవాళ్ళ లైటు తీగ దాటేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు, చేతులు కడుక్కునే చోట తడి నేల మీద, ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. జనం నవ్వుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి అడిగితే చూపుడు వేలు చూపించాడు. వేలి మీద సన్నటి గాట్లు, పాతవి, కొత్తవి. "పట్టు పోగు తెగదమ్మా. వేలే తెగుతాది" అన్నాడు.

ఇంత భయం ఊరికే రాదు, వెనక ఏదో జరిగే ఉంటుందని నేను అనుకున్నాను. ఎవరో బిడ్డ, ఏదో ప్రమాదం, ఇంట్లో ఎవరూ ఎత్తని కథ. ఒకరోజు ధైర్యం చేసి అత్తను అడిగాను. అత్త మగ్గానికి కావాల్సిన దారం కండెలు చుట్టుకుంటూ తాపీగా చెప్పింది. ఏమీ జరగలేదట. వాళ్ళకు మొదటి బిడ్డ పుట్టిన రోజు నుంచీ ఈ మనిషి ఇంతేనట. బిడ్డకు గీసుకుంటుందని ఆమె గాజులు కూడా తీయించాడట. వినగానే ఊరట కలగాల్సింది. కలగలేదు. ఏదైనా జరిగి ఉంటే ఆ భయానికి ఒక చోటు, ఒక హద్దు ఉండేది. ఏమీ జరగలేదంటే, ఇంకా జరగాల్సి ఉందన్నట్టు అనిపించింది.

ఆ తర్వాత భయం నాకూ పట్టుకుంది. చింతచెట్లెక్కి పెరిగిన దాన్ని నేను, హిందూపురంలో మా వీధి మగపిల్లలు నన్ను చూసి జంకేవాళ్ళు. అట్లాంటిది బండి వెనక కూర్చున్న ఆడపిల్ల చున్నీ గాలికి ఎగురుతుంటే ఇప్పుడు కళ్ళు మూసుకుంటాను. బస్సు తలుపు వేస్తుంటే పాప గౌను అంచు ఎక్కడుందో ముందు చూస్తాను. మా ఆయన నవ్వుతాడు, మా నాయన జబ్బు నీకు అంటుకుందని. అంటుకుంది, నిజమే. పిల్ల పరుగెత్తడం నేర్చుకున్న నాటి నుంచి తల్లికి కాళ్ళ కింద నేల గట్టిగా ఉండదు.

ఒకరోజు మామ భయపడినంతా మా కళ్ళ ముందే జరిగింది. ధర్మవరంలో ఇంటి నడవాలో మగ్గం, దాని పక్కనే అత్త కండెలు చుట్టుకునే చిన్న చక్రం. ముందు చేత్తో తిప్పేది, తర్వాత మోటారు పెట్టించారు. చిన్న మోటారే, సన్నటి బెల్టు, కానీ తిరిగేటప్పుడు కంటికి కనపడదు. పాప లోపలికొస్తే మోటారు ఆపాలని ఇంట్లో కట్టుబాటు. ఆ మధ్యాహ్నం అది వీధిలో ఆడుకుంటోందని అత్త చక్రం ఆపలేదు. పాప ఉన్నట్టుండి వెనక తలుపులోంచి దూసుకొచ్చింది, ఒంటి మీద బంతిపువ్వు గౌను, ముడి ఊడి వెనక ఎగురుతున్న పట్టీ.

పట్టీ బెల్టులోకి పోవడం నేను చూశాను. పాప వెనక్కి ఒక అడుగు లాగబడింది, అంతే, పట్టీ పుటుక్కున ఊడి చక్రంతో పాటు గిరగిరా తిరిగింది. పాప తిరిగి చూసి, పసుపు పీలిక తిరుగుతుంటే చప్పట్లు కొట్టింది. నేను దాన్ని ఎత్తుకుని ఎంత గట్టిగా అదుముకున్నానంటే అప్పుడు ఏడుపు మొదలుపెట్టింది. మామ మగ్గం గుంతలోనే ఉన్నాడు. గుంత అంచు పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. మోటారు అత్తే ఆపింది. చాలాసేపటికి ఆయన పైకొచ్చి, బెల్టులోంచి పీలిక తీసి, తెగిన దారం కొసను వెలుగుకు పట్టుకుని చూశాడు. ఆరోజు ఆయన మళ్ళీ మగ్గం గుంతలోకి దిగలేదు.

మేమంతా ఆయనకు దండం పెట్టాం. మా అమ్మ ఫోనులో ఏడ్చి, ఇంక ఏ గౌను కొన్నా ముందు అన్నకే చూపిస్తానంది. కానీ ఆ గెలుపే ఆయన్ను దారి తప్పించింది. మర్నాడు పాప బట్టలన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. ఇంతకుముందు పట్టీలు, రిబ్బన్లు, కుచ్చులే వదులు చేసేవాడు. ఇప్పుడు భుజాలు విప్పాడు, చంకలు విప్పాడు, పక్క కుట్లు విప్పాడు. అన్నీ ఒంటి పోగుతో తిరిగి అతికించాడు. ఎక్కడ పట్టుకున్నా ఊడిపోవాలని ఆయన ఆలోచన. అన్ని వైపులా కాపలా పెట్టాననుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడని అత్త చెప్పింది.

తర్వాత ఒక ఆదివారం అత్తామామా పెనుకొండ వచ్చారు. సాయంత్రం ధర్మవరం బండి ఎక్కించడానికి స్టేషనుకు పోయాం. పాప బంతిపువ్వు గౌను వేసుకుంది. వెనక కొత్త పట్టీ కూడా అతికించి ఉంది. ప్లాట్‌ఫారం మీద బెంచీ దగ్గర నేను అత్తకు సంచి అందిస్తున్నాను. అంతలో ఆగని రైలు ఒకటి వస్తోందని మైకులో చెప్పారు. పాప చెయ్యి మామ చేతిలో ఉంది. ప్లాట్‌ఫారం అంచున ఎక్కడి నుంచి వచ్చిందో ఒక కుక్కపిల్ల నిలబడి, పట్టాల వైపు చూస్తోంది.

పాప చెయ్యి విడిపించుకుని దాని వైపు ఉరికింది. మామ ఒక్క అంగలో అందుకున్నాడు. భుజం దగ్గర గౌనును గుప్పెట్లో పట్టుకున్నాడు. పట్టుకోవడం నేను చూశాను, హమ్మయ్య అని కూడా అనుకున్నాను. గౌను భుజం నుంచి చంక దాకా, చంక నుంచి అంచు దాకా సర్రున విడిపోయి, రెండో భుజమూ ఊడి, ఆయన చేతికొచ్చింది. పాప ఆగలేదు. తాత ఆడుతున్నాడనుకుని కిలకిలా నవ్వి, లోచెడ్డీతో ఇంకా జోరుగా ఉరికింది. రైలు కూత దగ్గరైంది. నేను పరుగెత్తాననే అనుకుంటాను, నా కాళ్ళు కదిలినట్టు మాత్రం గుర్తు లేదు.

అంచుకు కొద్ది దూరంలో పాప ఆగింది. ఎవరూ ఆపలేదు. తన పొట్ట వైపు చూసుకుంది. చేతులతో ఒంటిని తడుముకుంది. వెనక్కి తిరిగి, ముఖం ముడుచుకుని, నా గౌను నాకియ్యి అంటూ తాత దగ్గరికి తిరిగొచ్చింది. దాని వెనక రైలు పోతూనే ఉంది, పెట్టె తర్వాత పెట్టె. ఆ గాలికి మామ చేతిలో గౌను రెపరెపలాడింది. కుక్కపిల్ల ఎప్పుడు ఎటు పోయిందో ఎవరూ చూడలేదు. మామ ఉన్నచోటనే కూలబడ్డాడు.

వాళ్ళు ఎక్కాల్సిన బండి వచ్చింది, పోయింది. అందరం ఇంటికే తిరిగొచ్చాం. అత్త దేవుడికి దీపం పెట్టి, గౌను చినగబట్టే బిడ్డ వెనక్కి తిరిగిందని, చినిగిన గౌనే కాపాడిందని అంది. నాకు ఆ మాట పట్టుకుని వేలాడాలనిపించింది. మామ వినలేదు. అన్నం ముందు కూర్చుని, ఒడిలో ఆ గౌను పెట్టుకుని, విడిపోయిన భుజాన్ని నిమురుతూ ఉండిపోయాడు.

"నేను పట్టుకున్నానమ్మా. పట్టుకోకుండా ల్యా. చేతిలో గుడ్డ ఉండె, బిడ్డ లేదు" అన్నాడు నాతో.

ఆ చేతి మీద చెయ్యి వేద్దామనుకున్నాను, మామ కదా, వెయ్యలేదు. అన్నం అట్లాగే ఆరిపోయింది.

తర్వాత ఆయన పాపను పట్టుకోవడం మానేశాడు. ఎత్తుకోడు, చెయ్యి పట్టుకోడు. అది మీద పడితే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. చూస్తే కోపం వచ్చేది. ఏమిటీ శిక్ష, ఎవరికి ఈ శిక్ష అని మా ఆయన ఒకసారి గట్టిగానే అడిగాడు. పాపకు ఇవేవీ పట్టలేదు. చెయ్యి దొరక్కపోతే చొక్కా పట్టుకుంది. ఎడమ వైపు, జేబు కింద, అంచు దగ్గర. మామ అట్లాగే నిలబడ్డాడు. అది లాగింది. ఆయన ఒక అడుగు వేశాడు. అది వదిలేసింది. ఆయన ఆగిపోయాడు.

ఆ ఆగడంలో ఆయనకు ఏదో దారి దొరికింది. పోగు తెగితే నేతగాడి వేలికి తెలుస్తుంది, చూడనక్కర్లేదు. తాను పాపను పట్టుకుంటే జారిపోతుంది. పాప తనను పట్టుకుంటే, అది వదిలిన క్షణం తనకు తెలుస్తుంది. మర్నాడు బీరువాలోంచి పాత పట్టుచీర అంచు ముక్క తీసి, పీలికలుగా కోసి, తన చొక్కాలన్నిటికీ ఎడమ అంచు లోపల పెట్టి కుట్టాడు. రెండు కుట్లు, మళ్ళీ అడ్డంగా ఇంకో కుట్టు. పట్టును బిడ్డ దగ్గరికి రానివ్వని మనిషి! నేను ఆశ్చర్యంగా చూస్తుంటే, "ఈడ తెగగూడదు గదమ్మా" అన్నాడు.

గౌన్లూ మళ్ళీ విప్పాడు. భుజాలకు, చంకలకు రెండు కుట్లు వేశాడు. పట్టీలు మాత్రం ఒంటి పోగుతోనే ఉంచాడు. నాకు లాగి చూపించాడు. మనం పట్టుకునే చోట ఆగాలి, అది ఎగిరే చోట ఊడాలి. హిందూపురం షాపులో నేను చేసింది ఆ పరీక్షే. బంతిపువ్వు గౌను భుజం కూడా కుట్టాడు, కానీ పాప మళ్ళీ అది వేసుకోలేదు. తాత చింపేశాడని దానికి కోపం.

తాతా మనవరాలూ వీధిలో పోతుంటే చూడాలి. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, ఎడమ భుజం కొంచెం దించి, దాని అడుగుకు తన అడుగు కలిపి నడిచేవాడు. అది ఎడమ అంచు గుప్పెట్లో పట్టుకుని లోకమంతా మాట్లాడుతూ పోయేది. పొట్లంలోంచి బొరుగులు తీసుకోవడానికి వదిలిందంటే ఆయన నడిరోడ్డు మీద టక్కున ఆగిపోయేవాడు. వెనక బండ్లవాళ్ళు తిట్టేవాళ్ళు. ఆయన కదలడు. "వదిల్తే నాకు తెలుస్తాది పాపా" అనేవాడు ముందుకు చూస్తూనే. అది గబగబా నములుతూ మళ్ళీ పట్టుకునేది. కొన్నాళ్ళకు ఆయన చొక్కాలన్నీ ఎడమ వైపు సాగిపోయి, కుడి వైపు కంటే పొడుగయ్యాయి. అత్త ఇస్త్రీ చేస్తూ విసుక్కునేది.

భయం తగ్గిందా అంటే, లేదు. పాప బడికి పోవడం మొదలయ్యాక కొత్తవి పుట్టాయి. మెడలో వేసుకునే కార్డు తాడును ఆయన ఒక పూటంతా లాగి లాగి చూశాడు. తర్వాత దాన్ని మధ్యలో కోసి ప్రెస్ బటను పెట్టి కలిపాడు, లాగితే విడిపోయేలా. బూట్ల లేసులు తీయించి అంటుకునే పట్టీల బూట్లు కొనిపించాడు. ఇప్పుడు మా బడిలో చిన్నపిల్లల కార్డులన్నిటికీ నేనే ప్రెస్ బటన్లు కుడుతున్నాను. టీచరమ్మకు పని లేదా అని తోటివాళ్ళు ఆటపట్టిస్తారు. అననీ, నా చేతులు ఊరికే ఉంటే నాకు ఇంకా భయం.

ఆఖరి ఏడు ఆయనకు ఛాతీలో జబ్బు చేసింది. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపాక నడవాలోనే, మగ్గానికి ఎదురుగా మంచం వేశారు. సెలవులకు పాపను తీసుకుని పోతే, అది మంచం ఎడమ వైపు కూర్చుని, చొక్కా అంచు పట్టుకుని బడి కబుర్లు చెప్పేది. ఆయనకు మాట్లాడే ఓపిక లేదు. అది నీళ్ళ కోసం లేచి వదిలితే మాత్రం కళ్ళు తెరిచేవాడు. తిరిగొచ్చి పట్టుకుంటే మూసుకునేవాడు. నేను గడపలో నిలబడి ఆ కళ్ళనే చూసేదాన్ని. ఒకరోజు అది వదిలినా తెరుచుకోవేమోనని నా ప్రాణం కొట్టుకునేది.

ఒకరోజు తెల్లవారుజామున ఫోను వచ్చింది. మేము పోయేసరికి వాకిట్లో జనం నిండిపోయారు. ఆయనకు స్నానం చేయించి, కొత్త తెల్లబట్ట కప్పి, పూలు వేసి పడుకోబెట్టారు. అత్త నన్ను పట్టుకుని ఏడుస్తోంది. పాప ఎటు పోయిందో చూసుకోలేదు. చూసేసరికి అది జనం కాళ్ళ మధ్య నుంచి దూరి, ఆయన ఎడమ వైపుకు పోయి, కూర్చుని, తెల్లబట్ట అంచంతా తడుముతోంది. ఒక కొస నుంచి ఇంకో కొస దాకా. మళ్ళీ మొదటి నుంచి.

"అమ్మా, తాత చొక్కా యాడ? ఈడ పట్టుకునేది లేదు" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. నడవాలో కొక్కేనికి ఆయన చివరగా విప్పిన చొక్కా వేలాడుతోంది. తెచ్చి ఆయన పక్కన, తెల్లబట్ట మడత కింద సగం దోపాను. పెద్దవాళ్ళెవరూ అడ్డం చెప్పలేదు. పాప ఎడమ అంచు వెతికి, పట్టు పీలిక ఉన్న చోట గుప్పెట బిగించి కూర్చుంది. వచ్చేవాళ్ళు వచ్చారు, దండలు వేసేవాళ్ళు వేశారు. అది కదల్లేదు.

ఎత్తే వేళయింది. మగవాళ్ళు చుట్టూ నిలబడ్డారు. మా ఆయన వంగి, ఇంక వదలమ్మా, తాతను తీసుకుపోవాల అని మెల్లగా చెప్పాడు. పాప తల అడ్డంగా ఊపింది. ఇంకెవరో చెప్పారు. అది ఎవరి వైపూ చూడలేదు, తాత ముఖం వైపే, ఆ మూసిన కళ్ళ వైపే చూస్తోంది.

"నేను వదిల్తే తాతకు తెలుస్తాది" అంది.

అందరూ నా వైపు చూశారు. నేను దాని పక్కన కూర్చున్నాను. ఆ కుట్టు తెగదని నాకు తెలుసు, ఆయన రెండు కుట్ల మీద మూడోది వేశాడు. ఆ చిన్న గుప్పెట్లోంచి ఒక్కొక్క వేలూ నేనే విప్పాను. ఆఖరి వేలు విప్పేటప్పుడు, నాకు తెలియకుండానే, నేనూ ఆయన కళ్ళ వైపు చూశాను.